పెరటి పెద్దమనిషి

కోరుట్లలో ఒక ఇంటికి తాళం పడితే మొదటి ఏడు వాకిట్లో ఉత్తరేణి మొలుస్తుంది. రెండో ఏడు తుత్తురు బెండ లేస్తుంది. మూడో ఏడు ఆయన వస్తాడు.

తాళాలకు మా దిక్కు కొదువ లేదు. జగిత్యాల, కోరుట్ల నుంచి దుబాయి, మస్కట్, సౌదీ పోయినవాళ్ల ఇళ్లు, సిరిసిల్ల నుంచి భివండి, సూరత్ పోయినవాళ్ల ఇళ్లు, పిల్లలు హైదరాబాదుకు తోలుకపోయిన ముసలివాళ్ల ఇళ్లు. అవ్వ ఉన్నన్నాళ్లు పెరట్లో బీరపాదు, కల్యమాకు చెట్టు, మల్లెపొద, గోడవారన నాలుగు పుంటికూర మొక్కలు ఉండేవి. అవ్వ పోయిన ఎండాకాలమే బీరపాదు పోయింది. మల్లె మొండికేసి నిలబడ్డది. మిగతా జాగానంతా ఎవరూ నాటనివి పంచుకున్నాయి. ఏ పెండ్లికో, పాలోళ్ల పంచాయితీకో, జాగా అమ్మకానికో వారసులు వచ్చి గేటు తోస్తే అది సగం తెరుచుకుని ఆగుతుంది. లోపల రొమ్మెత్తు పచ్చదనం. "పాములున్నయా?" అన్నది మొదటి ప్రశ్న. "ఇవన్నీ ఏం చెట్లు?" అన్నది రెండోది. రెండోది పూర్తిగా అడగకముందే వెనుక నుంచి ఒక దగ్గు వినబడుతుంది.

"ఇట్ల పోతున్న. గేటు తీసి కనబడ్డది."

ఆయన ఎటు పోతున్నా దారి ఆ గేటు ముందు నుంచే ఉంటుంది.

వయసు అరవై దాటి ఉంటుంది. రిటైరైన పంతులు కావచ్చు, గ్రామసేవకుడు కావచ్చు, ఆర్టీసీ కండక్టరు కావచ్చు. వృక్షశాస్త్రం మాత్రం చదివి ఉండడు. చదివినవాడికి అనుమానాలు వస్తాయి. అంగీ జేబులో కళ్లజోడు, చేతిలో సంచి, సంచిలో అట్ట ఊడిన వస్తుగుణదీపిక. ప్యాంటు కింది అంచుకు ఉత్తరేణి గింజలు. అదే ఆయన గుర్తింపు కార్డు. ఉత్తరేణి కంకిని దగ్గరగా చూసినవాళ్లకు తెలుసు, గింజలన్నీ తలలు కిందికి వంచుకుని కాడకు ఒదిగి ఉంటాయి. దాటిపోయేవాడి బట్ట తగిలితే చాలు, ముళ్లతో పట్టుకుని వాడితోపాటే ప్రయాణం కడతాయి. మా వాడకట్టులో ఇంటింటికీ ఉత్తరేణి చేరడంలో సగం పుణ్యం ఆయన ప్యాంటుదే.

పనికి దిగే తీరు ఒకటుంది. మొక్క ముందు గొంతుక్కూర్చుంటాడు. ఒక ఆకు తెంపి, వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి కళ్లు మూస్తాడు. ఆ కాసేపు చుట్టూ ఉన్నవాళ్లెవరూ మాట్లాడకూడదు, ఫోను మోగితే కట్ చేయాలి. తర్వాత కళ్లు తెరిచి "గిదా!" అంటాడు, చిన్ననాటి దోస్తును బస్టాండులో చూసినట్టు. అట్లా అన్నాడంటే పేరు ఇంకా దొరకలేదని అర్థం. దొరికితే "గిది" అంటాడు. దీర్ఘం ఉండదు.

"తెల్వదు" అన్న మాట ఆయన వెంట సంచిలో కూడా ఉండదు. నిజంగానే ఎరగని మొక్క ఎదురైతే నాలుగు ముక్కలు సాయానికి వస్తాయి: అడవి, సీమ, పిచ్చి, కొండ. ఆకు వంకాయను తలపిస్తే అడవి వంకాయ, చింతను తలపిస్తే కొండ చింత. దీన్ని మోసం అనడానికి వీల్లేదు. ఏనుగుపల్లేరు, పిల్లిపెసర, కుక్కతులసి, కాకిదొండ అని పేర్లు పెట్టిన మన పెద్దలు చేసిందీ ఇదే పని. తెలిసిన మొక్కకు ఒక జంతువును తగిలించి ముందుకు పోయారు. మన పెద్దమనిషి సొంతంగా కలిపినవి రెండే, బొంబాయి, దుబాయి. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ల వాకిట్లో ఊరుపేరు లేని పూలమొక్క ఏది కనబడ్డా అది దుబాయి మందారం.

హైదరాబాదు నుంచి వచ్చిన మనుమడు ఊరుకోడు. ఫోను తీసి మొక్క మీద పెడతాడు. గూగుల్ లెన్స్ అడిగిన మరుక్షణం లాటిన్ పేరు ఒకటి చూపిస్తుంది. నోరు తిరగని ఆ పేరును పిల్లవాడు కూడబలుక్కుని చదువుతుంటే పెద్దమనిషి జాలిగా వింటాడు.

"అది సర్కారు పేరు బిడ్డా. ఆధార్ కార్డు మీద ఉంటది సూడు, గసొంటిది. ఇంట్ల పిలిచేది ఏరే."

ఫోను జేబులోకి పోతుంది.

ఊరు మారితే పెద్దమనిషి వాలకం మారుతుంది. జగిత్యాల ఆయనకు పొలాస పొగరు. ఊరవతలే వ్యవసాయ పరిశోధన స్థానం, వ్యవసాయ కళాశాల. జగిత్యాల సన్నాలని అందరూ వండుకు తిన్న జేజీఎల్ 1798 వరి పుట్టింది అక్కడే. ఆయన పొలాసలో చేసిందల్లా రైతు సభకు పోయి ఒక సంచి తెచ్చుకోవడం. అయినా ఆ సంచి భుజాన ఉన్నంతసేపు నంబరు లేని మొక్కను లెక్కచేయడు. పెరట్లోని పల్లేరును చెప్పు కొనతో చూపించి, "దీనికింక నంబరు పడలె" అంటాడు.

కోరుట్ల ఆయనకు పశువైద్య కళాశాల దగ్గర కాబట్టి సాక్ష్యానికి మేకను పిలుస్తాడు. "మేక తింటే మందు. తినకపోతే ఇంకా పెద్ద మందు." ఈ సూత్రంలో లొసుగు పట్టుకుందామని చూసినవాళ్లు ఉన్నారు. ఎవరికీ దొరకలేదు. మస్కట్‌లో ఉన్న ఒక ఇంటివాడికి వీడియో కాల్‌లో పెరడు చూపించింది కూడా ఈ కోరుట్ల ఆయనే. ఫోను ముందుకు పోదు, వెనక్కి రాదు, ఒక్కో ఆకు ముందు ఆగుతుంది. "కాకా, మా అవ్వ పెట్టిన దానిమ్మ ఏది?" అని అటునుంచి అడిగాడు. ఆ దానిమ్మ ఎండిపోయి చాలాకాలమైంది. దాని పాదులో ఇప్పుడున్నది కానుగ. పెద్దమనిషి కెమెరాను ఆకుకు మరీ దగ్గరగా పెట్టాడు, పచ్చ రంగు తప్ప ఇంకేమీ కనబడనంత దగ్గరగా. "గిదే బిడ్డా" అన్నాడు. నీళ్లు పోయించమని మస్కట్ నుంచి పైసలు వచ్చాయి. కానుగకు అప్పటినుంచి ఎదురులేదు.

సిరిసిల్ల ఆయన భివండిలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపి తిరిగొచ్చినవాడు. ఏ మొక్క చూసినా దాని మరాఠీ పేరే ముందు చెబుతాడు, తెలుగు పేరు అడిగితే ఇస్తాడు.

ఈ ముగ్గురినీ తీసుకుపోయి వయ్యారిభామ ముందు నిలబెట్టాలి. జగిత్యాల ఆయన "పార్థీనియం" అంటాడు. కోరుట్ల ఆయన "కాంగ్రెస్ గడ్డి" అంటాడు. సిరిసిల్ల ఆయన "గాజర్ గవత్" అంటాడు. ఆకు నిజంగానే క్యారెట్ ఆకు తీరుగ చీలి ఉంటుంది కనుక మరాఠీవాళ్లను తప్పుపట్టలేం. మెక్సికో దిక్కు నుంచి వచ్చిన కలుపు ఇది. 1950ల్లో పుణెలో కనబడ్డది, అమెరికా గోధుమలతో దిగిందని చెప్పుకుంటారు. దీన్ని తినడానికి 1980ల్లో మెక్సికో నుంచే ఒక పెంకుపురుగును తెచ్చి బెంగళూరులో వదిలారు. పురుగు తింటూనే ఉంది, మొక్క లేస్తూనే ఉంది. 2016 దసరా నాడు జగిత్యాల, సిరిసిల్ల కరీంనగర్ నుంచి విడిపోయి వేర్వేరు జిల్లాలయ్యాయి, వయ్యారిభామకు మాత్రం ఆ జీవో అందలేదు. ముట్టుకుంటే దురద, పుప్పొడి పీలిస్తే ఆయాసం. అట్లాంటి దాన్ని కూడా మన పెద్దమనిషి సూటిగా పీకమనడు. "పీకాలె గని, పూతకు రాకముందు పీకాలె. ఇప్పుడు పూత మీదున్నది, కదిలిస్తే గింజ రాల్తది. వచ్చే ఏడు సూద్దాం." అన్యాయం ఏమిటంటే, ఈ మాటలో మొదటి సగం అక్షరాలా నిజం. పొలాస వాళ్లు కూడా కాదనరు.

పెరళ్లు బాగుపడకపోవడానికి కారణం వానలని, వారసులని అందరూ అనుకుంటారు. నన్నడిగితే కారణం ఈయన. ఆయన రాకముందు అది ఒట్టి పిచ్చిమొక్కల జాగా, గంట పని. ఆయన వచ్చి పోయాక అది ఔషధవనం. పేరు తెలిసిన మొక్కను పీకడానికి ఎవరికీ చేయి రాదు. పొద్దున కంప అనుకున్నది మాపటికి అతిబల అయి కూర్చుంటుంది. తుత్తురు బెండకు పుస్తకాల్లో పేరు అదే మరి. దాని కాయను తెంపి "దువ్వెన కాయ" అని పిల్లల చేతిలో పెడతాడు. గుండ్రటి బిళ్ల, చుట్టూ పళ్లు పళ్లుగా అంచు. సిరాలో ముంచి కాగితం మీద అద్దితే చక్రం ముద్ర పడుతుంది. కాగితం అయిపోగానే పిల్లలు గోడలకు మళ్లుతారు. ఇక ఆ మొక్క మీద కత్తి పెడితే ఇంట్లో ఏడుపులే.

కుప్పింటాకు విషయంలో అనుమానపడే ధైర్యం ఎవరైనా చేస్తే, దాన్ని వేరుతో సహా లాగి పిట్టగోడ మీద పెట్టి అవతల కూర్చుంటాడు. ఆ వేరు వాసనకు పిల్లులు మైమరచి పొర్లుతాయి, ఇది నిజమే. పిల్లి వచ్చి పొర్లితే మొక్క కుప్పింట. రాకపోతే ఆ పిల్లికి జలుబు.

అంతా బడాయే అనుకుంటే ఆయన్ను నేల ఉసిరి దగ్గర చూడాలి. జానెడు మొక్క, చింతాకు వంటి సన్నాకులు. పైనుంచి చూస్తే అట్లాంటివి ఆ పెరట్లోనే ఎన్నో. ఆయన పెద్దగా మాట్లాడకుండా ఒక కొమ్మను వేలితో వెనక్కి తిప్పుతాడు. ఆకుల వరుసకు అడుగున, ఒక్కో ఆకు మొదట్లో, సన్నటి కాడకు వేలాడుతూ ఆకుపచ్చ కాయలు, ఆవగింజ కన్నా కాస్త పెద్దవి. వంగి చూడనివాడికి అందులో ఒక్కటీ కనబడదు. కామెర్లకు పసరు పోసేవాళ్లు వెతికేది దీన్నే. పసరుతో ఆగిపోకుండా దవాఖానకు పొమ్మని ఆయన చెప్పడు, నేను చెబుతున్నాను. కానీ ఉమ్మెత్త దగ్గర, గురివింద తీగ దగ్గర ఆయన గొంతే వేరు. పిల్లల్ని మోచేత్తో అవతలికి నెడతాడు. కంసాలులు తూకానికి వాడిన ఆ ఎర్ర గింజ నల్ల మచ్చతో ముద్దుగానే ఉంటుంది, నమిలి మింగితే ప్రాణం మీదికి వస్తుంది. ఆ రెంటినీ మాత్రం పీకమంటాడు. పీకేదాకా కదలడు కూడా.

ఆయన చేసిన పంచాయితీల్లో పెద్దది సిరిసిల్ల జమ్మిది. ఒక ఇంటి వెనుక, సాంచాల షెడ్డు గోడకు ఆనుకుని ముళ్లచెట్టు ఒకటి ఎదిగింది. తాత నాటిన జమ్మి అని ఇంటివాళ్ల నమ్మకం. దసరా సాయంత్రం పాలపిట్టను చూసివచ్చి, ఆ ఆకే తెంపి, బంగారం అని ఒకరి చేతిలో ఒకరు పెట్టుకుని అలయ్ బలయ్ తీసుకునేవారు. వాడకట్టులో సగం ఇళ్లకు బంగారం అక్కడినుంచే పోయేది. పెద్దమనిషి ఒకనాడు కొమ్మను కిందికి వంచి చూశాడు. ఆకు మొదట్లో ముళ్లు జంటలు జంటలుగా ఉన్నాయి. జమ్మి ముళ్లు అట్లా జోడీ కట్టవు, కొమ్మ పొడుగునా ఎక్కడివక్కడ చెదిరి ఉంటాయి.

"గిది సర్కారు తుమ్మ."

దీర్ఘం లేదు. ఇంటిల్లిపాదికీ నోట మాట రాలేదు. సర్కారు తుమ్మ అంటే 1870ల్లో కడప జిల్లా కమలాపురంలో విదేశీ గింజలతో మొదలై, చెరువు కట్టలు, శిఖం భూములు మింగి, పొయ్యిలోకి తప్ప దేనికీ పనికిరాదని పేరుపడ్డ చెట్టు. ఇన్నేండ్లు పంచిన బంగారమంతా గిల్టని తేలింది. పెద్దకోడలికి ఒక ధర్మసందేహం వచ్చింది: ఆ ఆకు చేతిలో పెట్టి తోటికోడలితో కలిసిపోయిన మాట ఇప్పుడు చెల్లుతుందా, చెల్లదా? చెల్లకపోతే బాగుండునన్న ఆశ కూడా ఆమె ముఖంలో కొంచెం కనబడింది.

పెద్దమనిషి కళ్లు మూశాడు. వృక్షశాస్త్రం వాళ్లు జమ్మిని, సర్కారు తుమ్మను చాలాకాలం ప్రోసోపిస్ అన్న ఒకే ఇంటిపేరు కింద రాసుకున్నారు, ఈ మధ్యనే వేరుపోయించారు. ఆ సంగతి ఆయనకు తెలుసో లేదో గానీ తీర్పు ఆ దారినే వచ్చింది.

"వరుసకు జమ్మికి పాలోడే అయితడు. పెద్దోడు రాకుంటే పాలోడు పీటల మీద కూసుంటడు, పెండ్లి ఆగుతదా? చెల్లుతది."

తెలంగాణ రాష్ట్ర వృక్షం జమ్మి. ఆ ఇంట్లో మాత్రం ఆపద్ధర్మ జమ్మి నేటికీ కొనసాగుతున్నది.

వినాయక చవితి ముందురోజు ఆయన్ను పట్టుకోవడం కష్టం. ఇరవై ఒక్క పత్రిలో ఉత్తరేణి, ఉమ్మెత్త, జిల్లేడు, రేగు, గరిక పాడుబడ్డ పెరట్లోనే దొరుకుతాయి. అందులోని దేవదారు మాత్రం హిమాలయాల చెట్టు. బడి గోడ వెంట నిటారుగా పెరిగే నరమామిడి ఆకును ఆ పద్దులో వేసి లెక్క సరిచేస్తాడు. శ్రావణమంతా "ఈ కంప ఎప్పుడు కొట్టిస్తరు, దోమలు సంపుతున్నయి" అని పోరుపెట్టిన పక్కింటివాళ్లే ఆ తెల్లారి సంచులు పట్టుకుని గేటు ముందు నిలబడతారు. తుమ్మికూరకు వచ్చిన ఆడవాళ్లది వేరే వరుస.

ఈ తతంగమంతా తప్పించుకుందామని కోరుట్లలో ఒక పెండ్లివారు ఏకంగా జేసీబీని పిలిచారు. జేసీబీకి గంట లెక్కన కిరాయి. బండి గేటు దాటి, తొట్టి పైకి లేచి, ఇక గోడ మీది తీగల మీద పడబోతుండగా దగ్గు వినబడ్డది.

"ఆగు తమ్మీ! బోడకాకర!"

మా దిక్కు ఆ మాట వింటే అంబులెన్సు కూడా ఆగుతుంది. వానాకాలం కొన్ని వారాలే సంతలోకి వస్తుంది, వచ్చినన్నాళ్లు కోడికూరతో పోటీపడి అమ్ముడుపోతుంది. డ్రైవరు ఇంజను బంద్ చేశాడు. గంటల లెక్క బంద్ చేయలేదు. పెద్దమనిషి తీగను చూపిస్తూ మొదలుపెట్టాడు: భూమిలో గడ్డ ఉంటది, ఎండకాలం పంటది, వాన పడంగనే లేస్తది, నాటే పని లేదు, నీళ్ల పని లేదు, ఏటా కాస్తది, పెండ్లికి వంటోడు అడిగినన్ని కాస్తది. పెండ్లికొడుకు తండ్రి అప్పుడే గిన్నె తెమ్మన్నాడు. అందరూ తలో దిక్కు ఆకులు ఎత్తి చూడటం మొదలుపెట్టారు. పసుపు పూలు విరగబూసి ఉన్నాయి. కాయ మాత్రం ఒక్కటి లేదు.

కలుపు తీయడానికి కూలికి వచ్చిన ముసలామె కొడవలి పక్కన పెట్టుకుని వేప నీడన కూర్చుని ఉంది. ఆమె లెక్కలో మొక్కలు మూడే తీర్లు: మేక తినేవి, మనం తినేవి, కొడవలికి అడ్డం వచ్చేవి. లేవకుండానే అంది:

"అది మగ తీగ. కాయది."

"నువ్వు కూసున్నకాడికెల్లి ఎట్ల చెప్తవ్?"

"పువ్వు ఎనుక సూడుండ్రి."

ఒక పువ్వు తెంపి తిప్పి చూశారు. ఆడ పువ్వయితే రేకుల వెనుక అప్పటికే ముళ్లముళ్ల బుడ్డకాయ ఒకటి ఉంటుంది. దీనికి ఒట్టి కాడే ఉంది. కాకరలో రెండు రకాల పూలూ ఒకే తీగకు పూస్తాయి. బోడకాకరలో ఆడ తీగ వేరు, మగ తీగ వేరు. గోడ నిండా పాకిన ఈ మహానుభావుడు ఇన్నేండ్లలో ఒక్క కాయ కాయలేదు, కాయబోడు.

పెండ్లికొడుకు తల్లి నడుం మీద చేతులు పెట్టింది. "గంట సేపు జేసీబీని ఆపి మగ తీగను సూపిచ్చినవా అన్నా? గసొంటోళ్లు మా ఇంట్ల ఇప్పటికే ముగ్గురున్నరు."

పెద్దమనిషి వెనక్కి తగ్గలేదు. "మగది లేకుంటే ఆడదానికి కాయ ఎట్ల నిలుస్తది చెల్లె? గోడ అవుతల మీ పక్కింటోళ్లు ఏటా బోడకాకర వండుకుంటలేరా? అదంత మీ తీగ పుణ్యమే."

అది కూడా నిజమే. కాకపోతే ఆ గోడ విషయమై రెండు ఇళ్లకు కోర్టులో కేసు నడుస్తున్నదని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

"అట్లనా," అందామె, డ్రైవరు దిక్కు తిరిగి. "అయితే ముందుగాల దాన్నే పీకు."

డ్రైవరు సీట్లో లేడు. ఎప్పుడు దిగాడో, ఫోను పట్టుకుని పెద్దమనిషి పక్కన నిలబడి ఉన్నాడు.

"సారూ, మా ఇంటెనుక ఒక చెట్టు లేసింది. కొట్టేద్దామని మా అవ్వ, వద్దని మా బాపు, రోజు లొల్లే. ఫొటో పంపిండు, సూస్తరా?"

సిగ్నల్ సరిగ్గా లేదు. తెర మీద గుండ్రటి చక్రం తిరుగుతూ ఉంది. పెద్దమనిషి కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, కళ్లు మూసుకున్నాడు.

"కొట్టకుండ్రి," అన్నాడు, ఫొటో ఇంకా తెరుచుకోకముందే. "షుగరుకు మంచిది."